పాత ల్యాప్‌టాప్‌కి తేలికపాటి లైనక్స్: అపోహలు - వాస్తవాలు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసరో ఆ తర్వాతదో ఉండాలి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతీ మహిళా యూనివర్సిటీ పిల్లల దగ్గరున్నవి, చిత్తూరులో అన్న ఇంజనీరింగ్ అయిపోయాక చెల్లెలి చేతికి వచ్చినవి, చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నవి, ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ యోగ్యత లేదు. అయినా అవి ఇంకో నాలుగైదేళ్లు హాయిగా పనిచేస్తాయి. విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే సరి. అందులో చాలా రకాలున్నాయి కాబట్టి చిక్కంతా ఏది వేయాలి అన్న దగ్గర వస్తుంది. అక్కడ విన్న మాటలు నమ్మి తప్పుగా ఎంచుకుని, వారానికే విసుగొచ్చి మూలన పెట్టేస్తున్నారు.

అపోహ: అన్నిటికన్నా తేలికైనదే వేసుకోవాలి.

ముందు లెక్క చూడండి. ఏమీ తెరవకుండా ఊరికే ఉన్నప్పుడు యాంటీఎక్స్ అనే రకం సుమారు 200 నుంచి 300 ఎంబీ ర్యామ్ తీసుకుంటుంది. లుబుంటు 500 ఎంబీ అటూ ఇటూ. లైనక్స్ మింట్‌లో తేలికపాటి ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ 700 నుంచి 900 ఎంబీ. అందులోనే హంగులు ఎక్కువున్న సినమన్ ఎడిషన్ 1 జీబీ దాటుతుంది. ఫైర్‌ఫాక్స్ తెరిచి జీమెయిల్, యూట్యూబ్, ఇంకో రెండు ట్యాబులు పెట్టారంటే ఒకటిన్నర జీబీ దానికే పోతుంది. అంటే ర్యామ్‌ని మింగేది ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా బ్రౌజరే. యాంటీఎక్స్‌కీ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈకీ మధ్య ఉన్న తేడా కొన్ని ట్యాబుల పాటిది.

ర్యామ్ 2 జీబీ అయితే ఆ తేడా ప్రాణం. అక్కడ యాంటీఎక్స్ గానీ లుబుంటు గానీ వేయాలి, ట్యాబులు రెండు మూడు మించకూడదు. 4 జీబీ ఉంటే మా మాట మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ. 8 జీబీ ఉంటే సినమన్ అయినా బరువనిపించదు, ఏది నచ్చితే అది వేసుకోండి. 4 జీబీ ఉన్న మిషన్‌లో పట్టుబట్టి యాంటీఎక్స్ వేస్తే ఇంట్లో అమ్మానాన్నలకి వైఫై ఎక్కడ కలపాలో, సౌండు ఎక్కడ తగ్గించాలో దొరకదు. ఐదారు వందల ఎంబీ మిగుల్చుకోవడం కోసం రోజూ అంత ఇబ్బంది పడటం మాకు సబబుగా తోచదు.

ఇంకో సంగతి. లుబుంటు లాంటి ఉబుంటు కుటుంబంలో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీగా వస్తుంది. హార్డ్‌డిస్క్ ఉన్న పాత మిషన్‌లో ఆన్ చేశాక మొదటిసారి అది తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. మింట్‌లో మామూలు ప్యాకేజీగా ఉంటుంది కాబట్టి ఆ ఆలస్యం లేదు. మేము మింట్ వైపు మొగ్గడానికి ఇదొక కారణం. మింట్ 22 వరుసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయన్నది ఇంకో కారణం.

2, 4 జీబీ మిషన్లలో జెడ్‌రామ్ తప్పకుండా పెట్టండి. ర్యామ్‌లో కొంత భాగాన్ని కుదించి స్వాప్‌లా, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే అదనపు చోటులా వాడటమే దీని పని. సినాప్టిక్ ప్యాకేజ్ మేనేజర్‌లో జెడ్‌రామ్-టూల్స్ అని వెతికి ఎక్కించి, దాని సెట్టింగ్ ఫైల్లో శాతం 50 అని రాసి రీస్టార్ట్ చేస్తే చాలు. ట్యాబు మార్చిన ప్రతిసారీ డిస్క్ లైటు మిణుకుమంటూ మిషన్ బిగుసుకుపోవడం బాగా తగ్గుతుంది.

అపోహ: లైనక్స్ వేస్తే పాత ల్యాప్‌టాప్ కొత్తదైపోతుంది.

పాత ల్యాప్‌టాప్ నత్తలా నడవడానికి పెద్ద కారణం అందులోని 5400 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్. అది ఉన్నంతవరకు ఏ లైనక్స్ వేసినా బూట్ కావడానికి నిమిషం పైనే పడుతుంది. 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే అదే మిషన్ పావు నిమిషం, అర నిమిషంలో డెస్క్‌టాప్ చూపిస్తుంది. కొనేముందు వెనక మూత తీసి చూడండి. 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీలు 7 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. కొన్ని పాత మోడళ్లలో డిస్క్ అర 9.5 మిల్లీమీటర్లది కాబట్టి వదులుగా కదులుతుంది. కొన్ని ఎస్‌ఎస్‌డీలతోపాటు వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము అతికిస్తే సరిపోతుంది.

ఎస్‌ఎస్‌డీ కొనలేకపోతే కనీసం ఉన్న డిస్క్ ఆరోగ్యం చూడండి. లైవ్ మోడ్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ నడిపి) డిస్క్స్ అనే యాప్ తెరిచి స్మార్ట్ వివరాల్లోకి వెళ్తే పెండింగ్ సెక్టార్లు, రీఅలోకేటెడ్ సెక్టార్లు అని రెండు అంకెలు కనిపిస్తాయి. పెండింగ్ సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేయకండి. సగంలో ఆగిపోతుంది, లేదా నెలకి ఫైళ్లు చెడతాయి. తప్పు లైనక్స్‌దని అనుకుంటారు.

ర్యామ్ పెంచేటప్పుడు 4వ తరం ఇంటెల్ నుంచి డీడీఆర్3 వాడే ల్యాప్‌టాప్‌లకి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి. 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 పెడితే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఉన్న స్టిక్‌కి తోడు అంతే సైజుది ఇంకొకటి వేస్తే డ్యూయల్ చానల్ అయి వీడియో కూడా కాస్త బాగుపడుతుంది.

వేడి సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి, శ్రీకాళహస్తి వైపు 40 డిగ్రీలు దాటుతుంది. ఐదారేళ్లుగా విప్పని ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్‌కి దుమ్ము పట్టి, థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం నెమ్మదిస్తోందంటే ముందు శుభ్రం చేయించి పేస్ట్ మార్పించండి, ఆ తర్వాతే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ఆలోచించండి.

అపోహ: పాతది కదా, 32 బిట్ వెర్షనే వేయాలి.

కోర్ 2 డ్యుయో నుంచి ఇటు వచ్చినవి దాదాపు అన్నీ 64 బిట్ ప్రాసెసర్లే. అందులో 32 బిట్ విండోస్ వేసి అమ్మి ఉండొచ్చు, ప్రాసెసర్ మాత్రం 64. నిజంగా 32 బిట్‌వి ఆటమ్ ఎన్270 లాంటి తొలినాళ్ల నెట్‌బుక్‌లే. వాటికి దారులు మూసుకుపోతున్నాయి. డెబియన్ అనే లైనక్స్‌లో 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌కి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. 32 బిట్ లైనక్స్‌కి ఫైర్‌ఫాక్స్ మామూలు వెర్షన్లు 144తో ఆగిపోయాయి. అలాంటి నెట్‌బుక్‌ని యాంటీఎక్స్ 32 బిట్‌తో టైపింగ్‌కో పాటలకో వాడుకోవచ్చు గానీ, బ్యాంకు పనులకి వాడొద్దు.

ఒక మెలిక ఉంది. 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్‌తో ఆటమ్ జెడ్3735ఎఫ్ ప్రాసెసర్ మీద వచ్చిన చవక ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ప్రాసెసర్ 64 బిట్, యూఈఎఫ్ఐ (ఆన్ చేయగానే మిషన్‌ని లేపే ప్రోగ్రామ్) మాత్రం 32 బిట్. మామూలు పెన్‌డ్రైవ్ పెడితే బూట్ మెనూలో కనపడనే కనపడదు. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని మార్చి మార్చి చూస్తారు. 32 బిట్ యూఈఎఫ్ఐని పట్టించుకునే డెబియన్ ఇమేజ్‌తో ప్రయత్నించండి.

అపోహ: లైనక్స్‌లో వైఫై రాదు.

ఇంటెల్, ఎథెరోస్ కార్డులకి మొదటి బూట్‌లోనే వస్తుంది. పేచీ పెట్టేవి ముఖ్యంగా రెండు రకాలు. బ్రాడ్‌కామ్‌లో 43142 లాంటివి విడిగా డ్రైవర్ అడుగుతాయి. ఆ డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. ఈ ముడి విప్పడం తేలికే: ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. వెంటనే నెట్ వస్తుంది. మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ డ్రైవర్ చూపిస్తుంది, టిక్ పెట్టి రీస్టార్ట్ చేయడమే.

ఇక్కడే చాలామంది జారతారు. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ని ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం స్క్రీన్ వస్తుంది. అందులో ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. భయపడి కంటిన్యూ నొక్కేస్తే డ్రైవర్ ఉండీ పనిచేయదు.

రెండోది రియల్‌టెక్ 8723బీఈ. కొన్ని హెచ్‌పీ మోడళ్లలో ఈ కార్డుకి ఒక్క యాంటెన్నా తీగే కలిపి ఉంటుంది. డ్రైవర్ రెండో దాని వైపు వెతుకుతుంటే రౌటర్ పక్కనే ఉన్నా సిగ్నల్ ఒక్క గీతే. డ్రైవర్‌కి యాంటెన్నా ఎంపిక విలువ 1 గానీ 2 గానీ ఇచ్చి చూస్తే నిండుగా వస్తుంది.

ఇవన్నీ ఇన్‌స్టాల్ చేయకముందే తెలుసుకోవచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి లైనక్స్ ఐఎస్ఓ ఫైల్‌ని రూఫస్‌తో గానీ బలీనా ఎచర్‌తో గానీ రాసి, బూట్ మెనూ నుంచి లైవ్ మోడ్‌లో నడపండి. డెల్, లెనోవోలకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు ఎఫ్2తో బయాస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. కాఫీ తాగేంతసేపు వైఫై, సౌండు, కెమెరా, బ్రైట్‌నెస్ మీటలు, టచ్‌ప్యాడ్ చూడండి. మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా అన్నది మరిచిపోకండి.

అపోహ: విండోస్‌ని ఉంచి దాని పక్కనే లైనక్స్ వేసుకోవడం చాలా సులువు.

సులువే, నాలుగు పనులు ముందు చేస్తే. డేటా బయట డిస్క్‌లోకి కాపీ చేయండి. డిస్క్‌కి తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగులు మారగానే విండోస్ 48 అంకెల ఆ కీ అడుగుతుంది, లేకపోతే ఫైళ్లు పోయినట్టే. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి, లేదంటే విండోస్ డ్రైవ్ లైనక్స్‌లో చదవడానికే తెరుచుకుంటుంది, రాయనివ్వదు. ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించకపోతే బయాస్‌లో సాటా మోడ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మీద ఉందేమో చూడండి. ఏహెచ్‌సీఐకి మార్చాలి, కానీ ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి మార్చకపోతే విండోస్ లేవదు.

విండోస్‌లోకి వెళ్లినప్పుడు గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తేడాగా కనిపిస్తే కంగారుపడకండి. లైనక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంచుతుంది, విండోస్ అదే స్థానిక సమయం అనుకుంటుంది. లైనక్స్‌లో లోకల్ టైమ్ వాడమని ఒక్కసారి సెట్ చేస్తే సరి.

అపోహ: వైరస్‌లు రావు కాబట్టి అప్‌డేట్లు అక్కర్లేదు.

ఇంట్లో వాడుకకి యాంటీవైరస్ అవసరం పడదు, నిజమే. అప్‌డేట్లు మాత్రం వారానికోసారి తప్పనిసరి, ముఖ్యంగా బ్రౌజర్‌వి. దర్శనం టికెట్ల పేరుతో పుట్టే నకిలీ సైట్లు లైనక్స్ అయినా విండోస్ అయినా ఒకేలా మోసం చేస్తాయి. బ్యాటరీ చచ్చి నేరుగా కరెంటు మీద నడిచే ల్యాప్‌టాప్ అయితే, కరెంటు పోతూ వస్తూ ఉన్నప్పుడు అప్‌డేట్ మొదలుపెట్టకండి. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ సగంలో ఆగితే బూట్ కాదు. ఒకవేళ అలా అయిందే అనుకోండి, ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో లేపి, అప్‌డేట్ మళ్లీ నడపండి.

అపోహ: యూట్యూబ్ ఆగి ఆగి వస్తోందంటే లైనక్స్ దండగ.

7వ తరానికి ముందరి ఇంటెల్ గ్రాఫిక్స్‌కి వీపీ9 అనే ఫార్మాట్‌లో వచ్చే వీడియోని పూర్తిగా తామే విప్పే శక్తి లేదు. హెచ్.264 అనే పాత ఫార్మాట్‌ని అయితే బాగా విప్పుతాయి. యూట్యూబ్ పంపేది వీపీ9 లేదా ఏవీ1, దాంతో భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ రొద పెడుతుంది. హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే హెచ్.264 మాత్రమే వస్తుంది. 4వ తరం, అంతకన్నా పాతవాటికి వీడియో విప్పడానికి గ్రాఫిక్స్‌ని వాడే ఐ965 వీఏ డ్రైవర్ కూడా ఎక్కి ఉందో లేదో చూడండి.

అపోహ: విండోస్‌లో చేసే పనులన్నీ ఇందులోనూ అవుతాయి.

అవ్వవు. ఇది ముందే తెలిస్తే ఎవరికీ బాధ ఉండదు. ట్యాలీ విండోస్ కోసమే చేసింది. ఇంట్లోనే వేలిముద్ర పరికరంతోనో డిజిటల్ సంతకం డాంగిల్‌తోనో పనిచేసేవాళ్లు ఆ పరికరానికి లైనక్స్ డ్రైవర్ ఉందని ఖాయం చేసుకునేదాకా విండోస్ తీయకండి. పిల్లల కాలేజీ సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌లో పరీక్షలు పెడితే దానికి లైనక్స్ వెర్షన్ లేదు. పెళ్లి పత్రికల డీటీపీ చేసేవాళ్లు వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు, వాటి పని పేజ్‌మేకర్‌తో ముడిపడి ఉంది. ఆ మిషన్ జోలికి వెళ్లకండి.

ప్రింటర్లలో కేనన్ ఎల్‌బీపీ 2900 లైనక్స్‌లో బాగా సతాయిస్తుంది. హెచ్‌పీ పీ1007, పీ1008లకి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్‌తో పాటు దాని ప్లగిన్ కూడా దించాలి, లేకపోతే ప్రింట్ ఇచ్చినా కాగితం కదలదు. వర్డ్ ఫైళ్లు లిబ్రేఆఫీస్‌లో చెదిరితే చాలావరకు ఫాంట్ల వల్లే. క్యాలిబ్రీ బదులు కార్లిటో, కేంబ్రియా బదులు క్యాలడియా ఎక్కిస్తే పేజీలు కుదురుకుంటాయి.

అపోహ: తెలుగు టైపింగ్ ఉండదు.

కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ కలిపే చోట తెలుగు ఎంచుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అప్పటికప్పుడే వస్తుంది, ఏమీ దించుకోనక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటుంటే ఐబస్, ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీలు వేసి, లాగౌట్ అయి లాగిన్ అయ్యాక తెలుగు ఆర్‌టీఎస్ ఎంచుకోండి. లాగౌట్ కాకుండా వెతికితే ఆ జాబితాలో కనపడదు. పోతన, వేమన ఫాంట్లు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీలో ఉన్నాయి.