తుపాను మర్నాటికి ఏ రంపం?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. చెట్లు రోడ్ల మీదా ప్రహరీల మీదా కూలాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు. విశాఖలో ఇంటి కోసం చైన్‌సా, అంటే పళ్ల చైను తిరుగుతూ కోసే రంపం, కొనేవాళ్లు అలాంటి మర్నాటిని మనసులో పెట్టుకుని కొనాలి. మిగతా ఏడాదంతా అది మూలనే పడుంటుంది మరి. పెట్రోలు రంపానికీ బ్యాటరీ రంపానికీ అసలు తేడా ఆ మూలనే తేలుతుంది.

బలంలో పెట్రోలుదే పైచేయి. లీటరు పెట్రోలులో దాదాపు 9,000 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. చిన్న టూ స్ట్రోక్ ఇంజను అందులో ఆరో వంతు చైనుకి అందిస్తే గొప్పే, మిగతాదంతా వేడికీ పొగకీ పోతుంది. అయినా 1,500 మిగులుతుంది. 36 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేదే 180. మోటారు అందులో 80 శాతం వాడుకున్నా లీటరు పెట్రోలుకి అలాంటివి పది కావాలి. 1,500 వాట్ల పని ఆపకుండా చేయిస్తే ఆరు నిమిషాల్లో ఛార్జి ఖాళీ. కానీ కొమ్మలు కొట్టే పనిలో కోసేదానికన్నా లాగడం, సర్దడమే ఎక్కువ. ఆ సేపూ పెట్రోలు ఇంజను ఊరికే తాగుతూనే ఉంటుంది, మోటారు ఆగి ఉంటుంది. అన్నట్టు, 20 వోల్టులని రాసినా 18 అని రాసినా సాధారణంగా లోపలున్నవి అవే ఐదు సెల్లులు. వోల్టుల్ని ఆంపియర్-అవర్లతో గుణిస్తే వచ్చే వాట్-అవర్లనే పోల్చి చూసుకోండి.

ఇక మూలన పడి ఉండటం సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. సముద్రపుటొడ్డున తేమకి కరువా? నీరు మితిమీరితే ఇథనాలూ నీరూ కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. టూ స్ట్రోక్ ఇంజను అరగకుండా పెట్రోలులో కలిపే టూటీ (2T) ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. ఇంధనం పీల్చే గొట్టం ఉండేది అడుగున. ఇంజను స్టార్ట్ కాకపోతే అదృష్టం, అయిందా, ఆయిల్ అందక పిస్టన్ గీరుకుపోతుంది. ఆవిరైన పెట్రోలు వదిలిన జిగురు కార్బ్యురేటర్ సన్నని రంధ్రాలను పూడ్చేస్తుంది. అందుకే పని అవగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడపాలి. పెట్రోలూ ఆయిలూ ఒక్క నెలకి సరిపడానే కలుపుకోవాలి. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్, 25:1 అయితే 40.

బ్యాటరీకి ఈ బెడద లేదు. సగం ఛార్జితో, ఉప్పుగాలి తగలని చల్లని చోట ఉంచి, తుపాను హెచ్చరిక రాగానే నిండా ఛార్జి చేసుకుంటే చాలు. కరెంటు పోయాక? 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీలో సగం, అంటే 900 వాట్-అవర్లు వాడుకున్నా, నష్టాలు పోను మూడు ఛార్జింగులు వస్తాయి. ఛార్జరు లాగే వాట్లని ఇన్వర్టర్ మోయగలదో లేదో మాత్రం ముందే చూసుకోండి. కరెంటు లేకపోతే బంకులో పంపూ తిరగకపోవచ్చని పెట్రోలు నమ్ముకున్నవాళ్లు మరిచిపోతుంటారు. కోసి కోసి వేడెక్కిన బ్యాటరీని పెట్టగానే ఛార్జరు ఎర్ర లైటు మిణుక్కుమంటే చెడిపోయిందనుకోకండి, చల్లారేదాకా చాలా ఛార్జర్లు ఒప్పుకోవు.

ఇంటికైతే 36 వోల్టుల రంపం, 12 నుంచి 14 అంగుళాల బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ), రెండు బ్యాటరీలు: మా సలహా ఇదే. రోజంతా మానులు కోయాల్సిన జీడి, మామిడి తోటలవాళ్లకి పెట్రోలు తప్పదు.

ఏది కొన్నా బార్ మీద చైను రాసుకుపోకుండా బార్ ఆయిల్ పోయాల్సిందే. బ్యాటరీదానికి అక్కర్లేదనుకుని చైను మాడ్చేవాళ్లున్నారు. పొట్టు పలుకులుగా కాక పిండిలా రాలుతోందంటే పళ్లు మొద్దుబారినట్టే, ఆకురాయి పట్టించాలి. మొద్దు చైను బ్యాటరీని వేగంగా తాగేస్తుంది. కొబ్బరి మాను కోసేటప్పుడు పీచు స్ప్రాకెట్ (చైనుని తిప్పే పళ్ల చక్రం) మూత కింద చుట్టుకుని ఆయిల్ దారిని మూసేస్తుంది. బ్యాటరీ తీసి, మూత విప్పి, మధ్యమధ్యలో లాగిపారేయాలి.

బార్ కొన పైభాగం దేనికీ తగలనివ్వకండి, రంపం ఒక్కసారిగా ముఖం మీదికి ఎగురుతుంది. రెండు చివర్లా ఆనుకుని మధ్యలో వేలాడే కొమ్మకి పైభాగం నొక్కుకుని, అడుగు సాగి ఉంటుంది. పైనుంచే పూర్తిగా కోస్తే బార్ ఇరుక్కుంటుంది. పైన మూడో వంతు కోసి, మిగతాది కిందినుంచి పైకి కోయండి. ఒక చివర గాల్లో వేలాడుతుంటే దీనికి తలకిందులు: ముందు కింద మూడో వంతు, తర్వాత పైనుంచి.