వాషింగ్టన్ గారి మంచు ఎందుకు కరిగింది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సెలవుల్లో మౌంట్ వెర్నన్ చూడబోతున్నామని రాశారు. జార్జ్ వాషింగ్టన్ గారి భవంతిని అందరూ చూస్తారు. మీరు మాత్రం పోటోమాక్ నది వైపు వాలులో ఉన్న మంచు గిడ్డంగి, అంటే మంచు దాచే గొయ్యి, దగ్గర కాసేపు ఆగండి. ఫ్రిజ్‌లు లేని ఆ కాలంలో వేసవి విందుల్లో ఐస్‌క్రీమ్ వడ్డించగలిగారంటే అంతా అలాంటి గోతుల చలవే!

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగించుకుని 1783 చివర్లో ఇల్లు చేరిన వాషింగ్టన్ గారు గిడ్డంగిని మంచుతో నింపించారు. జూన్ వచ్చేసరికి అంతా కరిగిపోయింది. బ్రిటిష్ సైన్యాన్ని గెలిచిన పెద్దమనిషి ఎండ ముందు ఓడిపోయారు. భేషజం లేకుండా ఫిలడెల్ఫియాలోని స్నేహితుడు రాబర్ట్ మోరిస్‌కు ఉత్తరం రాసి, మీ గిడ్డంగి ఎలా కట్టారో చెప్పమని అడిగారు.

1784 జూన్‌లోనే మోరిస్ జవాబిచ్చాడు. ఆయన గొయ్యి 18 అడుగుల లోతు, పొడవు వెడల్పులు 16 అడుగులు. అడుగున ముతక గులక ఉంటుంది కాబట్టి కరిగిన నీరు ఎప్పటికప్పుడు ఇంకిపోతుంది. తలుపు ఉత్తరం వైపు. మంచుగడ్డలను చిన్న ముక్కలు చేసి దిమ్మిసలతో బాగా కొడితే, కొన్నాళ్లకు అంతా ఒకే బండగా బిగుస్తుంది. కావలసినప్పుడు గొడ్డలితో నరికి తీసుకోవలసిందే. గడ్డలైతే అక్టోబరు, నవంబరు దాకా ఉంటాయనీ, ఒక ఏడాది ఆకాశం నుంచి రాలిన మంచు నింపి చూస్తే జూన్‌లోనే పోయిందనీ రాశాడు. వాషింగ్టన్ గారు ఎక్కువగా నింపించింది ఆ రాలిన మంచునే!

రాలిన మంచులో చాలా భాగం గాలే. గొయ్యి నిండినట్టు కనిపిస్తుంది గానీ సరుకు తక్కువ. అసలు గొయ్యి దేనినీ చల్లబరచదు, వేడిని నెమ్మదిగా రానిస్తుంది, అంతే. కిలో మంచును కరిగించే వేడితో కిలో నీటిని 0 నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. పైగా వేడి తగిలేది కుప్ప బయటి అంచులకే. కుప్ప కొలతలన్నీ రెట్టింపు చేస్తే వేడి తగిలే మేర 4 రెట్లవుతుంది, లోపలి మంచు 8 రెట్లవుతుంది. అందుకే అంతంత గోతులు. మా చిన్నప్పుడు ఐసు దిమ్మలను రంపపు పొట్టులో కప్పి ఉంచినదీ వేడిని ఆపడానికే.

ఒకటి మరవకండి. గడ్డకట్టిన నది మీదికి దిగి మంచు కోసి, మోసి, గొయ్యి నింపింది ఆ ఎస్టేటులోని బానిసలు. ఐస్‌క్రీమ్ కథలు చెప్పేవారు ఈ సంగతిని చప్పున దాటేస్తారు. నాకది నచ్చదు.

వెళ్లేలోగా ఒక పని చేయండి. రెండు సమానమైన ఐసు ముక్కల్లో ఒకటి గిన్నెలో, ఒకటి జల్లెడలో పెట్టండి. గిన్నెలోని నీరు పారబోయకండి. ఏది ముందు కరిగిందో, ఎంతసేపు తేడా వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య