మడత ఫోన్లు: స్క్రీన్ ముందే వంగింది, గాజే ఆలస్యం చేసింది

సామ్‌సంగ్ తొలి గెలాక్సీ ఫోల్డ్ 2019 ఏప్రిల్ 26న అమ్మకానికి రావాలి. ముందుగా ఫోన్లు అందుకున్న సమీక్షకుల్లో కొందరు స్క్రీన్‌పై ఉన్న పొరను మామూలు స్క్రీన్ గార్డ్ అనుకుని పీకేశారు. మరికొన్నింటిలో హింజ్ (ఫోన్ మడిచే కీలు) సందులోంచి నలుసులు దూరి ప్యానెల్‌ను కింది నుంచి పొడిచాయి. విడుదల సెప్టెంబరుకు వెళ్లింది.

ఇది చూస్తే స్క్రీన్‌ను వంచడమే అసలు చిక్కు అనిపిస్తుంది. నిజానికి ఆ చిక్కు ఎప్పుడో తీరిపోయింది. గాజు పలకపై ద్రవ పాలీఇమైడ్ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్) పూసి, వేడితో గట్టిపరచి, దానిపై ట్రాన్సిస్టర్లు, ఓలెడ్ (తనంతట తానే వెలిగే) పొరలు వేస్తారు. తేమ తగిలితే ఓలెడ్ చెడిపోతుంది కాబట్టి పైన పలచటి పొరలతో మూస్తారు. ఆఖర్న గాజు అడుగు నుంచి లేజర్ కొట్టి మొత్తాన్ని ఊడదీస్తారు. ఇలా ప్లాస్టిక్‌పై చేసిన ప్యానెళ్లతో గెలాక్సీ రౌండ్, ఎల్‌జీ జీ ఫ్లెక్స్ 2013లోనే వచ్చాయి. కాకపోతే అవి వంపు ఫోన్లే, మడత ఫోన్లు కావు.

అడ్డంతా పై గాజుది. వంచినప్పుడు దాని బయటి వైపు ఎంత సాగాలో తెలియాలంటే మందాన్ని వంపు వ్యాసంతో భాగిస్తే చాలు. వ్యాసం 3 మి.మీ. అయితే, అర మిల్లీమీటరు గాజు దాదాపు 17 శాతం సాగాలి. అంతకు చాలా ముందే పగులుతుంది. 30 మైక్రాన్ల (0.03 మి.మీ.) గాజుకైతే ఒక్క శాతం సరిపోతుంది. తొలి ఫోల్డ్‌లో గాజు బదులు ప్లాస్టిక్ వాడారు. వాయిదా సమయంలో ఆ పై పొర అంచులను ఫ్రేమ్ కిందకి నెట్టారు, హింజ్ కొసలకు మూతలు పెట్టారు, స్క్రీన్ కింద లోహపు పొరలు చేర్చారు.

2020 ఫిబ్రవరిలో సామ్‌సంగ్ జెడ్ ఫ్లిప్‌తో 30 మైక్రాన్ల గాజు వచ్చింది. అయినా గోటి గీత పడుతూనే ఉంది, ఎందుకంటే గాజుపైన ఇంకా ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంది. ఈ ఫిల్మ్ అరిగిపోయే సరుకు. మడిచిన ప్రతిసారీ ఫిల్మ్, జిగురు ఒకదానిపై ఒకటి జరుగుతాయి. జిగురు పట్టు తప్పాక మడత వెంట బుడగలు లేస్తాయి. ప్యానెల్ బాగుంటే సర్వీస్ సెంటర్‌లో ఫిల్మ్ ఒక్కటే మార్పిస్తే చాలు. సొంతంగా పీకితే పలచటి గాజు పగలొచ్చు. దాని బదులు మామూలు టెంపర్డ్ గ్లాస్ అతికించడం శుద్ధ దండగ, మొదటి మడతకే విరుగుతుంది.

మిగిలిన కథ హింజ్‌ది. స్క్రీన్‌ను లోపల నీటిబొట్టు ఆకారంలో తిప్పితే వంపు పెద్దదవుతుంది, మడత గీత తగ్గుతుంది, మూసినప్పుడు సందూ ఉండదు. మోటరోలా రేజర్ 2019లో, ఒప్పో ఫైండ్ ఎన్ 2021లో ఈ దారి పట్టాయి. సామ్‌సంగ్ 2023 దాకా ఆగింది. వంపు పెరిగితే గాజు మందం పెంచే వీలుంటుంది, కానీ ఆ నీటిబొట్టుకు లోపల చోటు కావాలి. 2025 నాటి సామ్‌సంగ్ ఫోల్డ్ 7 తెరిస్తే మందం 4.2 మి.మీ. మాత్రమే.

సామ్‌సంగ్ నీటిని 2021లోనే ఆపగలిగింది, దుమ్ము మాత్రం 2024లోనూ లొంగలేదు. ఆ ఏడాది ఫోల్డ్ 6కు వచ్చిన ఐపీ48 రేటింగ్‌లో (మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి) 4 అంటే ఒక మిల్లీమీటరు, అంతకు మించిన రేణువులను ఆపుతుందనే. సన్న ఇసుక, పిండి ఆ లెక్కలోకి రావు.