రేకు గొట్టంతో పాలపుంత తూకం

"విశ్వంలో మామూలు పదార్థం 5 శాతమే, మిగతాదంతా కనపడదు అని పాఠంలో ఉంది. కనపడనిదాన్ని శాతాల్లో ఎలా చెప్పారు?" ఇది ఆమదాలవలస నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని వేసిన ప్రశ్న. ప్లాంక్ ఉపగ్రహం కొలతల ప్రకారం మామూలు పదార్థం సుమారు 5, కనపడకుండా గురుత్వంతో లాగే కృష్ణ పదార్థం 26.5, విశ్వం వ్యాపించే వేగాన్ని పెంచే కృష్ణ శక్తి 68.5 శాతం. మన పుస్తకాలు ఈ మూడు అంకెలతో ఒక గుండ్రటి బొమ్మ వేసి తప్పుకుంటాయి. తూకం ఎలా వేశారో చెప్పవు.

జొన్నచేలో పిట్టల్ని తోలే వడిసెలను తలచుకోండి. రాయి బరువు, వేగం, తాడు పొడవు తెలిస్తే చెయ్యి ఎంత బలంగా లాగుతోందో లెక్క కట్టొచ్చు. చిమ్మచీకట్లో చెయ్యి కనపడకపోయినా ఫర్వాలేదు, రాయి కనపడితే చాలు. చెయ్యి బక్కదని మనం అనుకుంటున్నాం, రాయి మాత్రం జోరుగా తిరుగుతూ జారిపోవడం లేదు. అంటే చెయ్యి బక్కది కాదన్నమాట. ఆకాశంలో తాడు గురుత్వాకర్షణ. అక్కడ రాయి బరువు లెక్కలోంచి ఎగిరిపోతుంది, పని ఇంకా సులువు. కాకపోతే ఈ తాడు దూరం పెరిగేకొద్దీ బలహీనపడుతుంది. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు తిరుగుతుంటే, 30 రెట్ల దూరంలో ఉన్న నెప్ట్యూన్ 5.4 మాత్రమే తిరగడం అందుకే.

ఇప్పుడు సూర్యుడే రాయి. పాలపుంత కేంద్రానికి 26,000 కాంతి సంవత్సరాల దూరం, సెకనుకు దాదాపు 230 కిలోమీటర్ల వేగం. వేగం వర్గాన్ని దూరంతో గుణించి గురుత్వ స్థిరాంకంతో భాగిస్తే, మన కక్ష్య లోపల సుమారు 10,000 కోట్ల సూర్యుల బరువు తేలుతుంది. మన అవతల ఏమీ లేకపోతే, రెట్టింపు దూరంలో వేగం 163కి పడిపోవాలి. కొలిస్తే 200 దాటే ఉంది! 1970లో ఖగోళ శాస్త్రవేత్తలు వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడాలో చూసిందీ ఇదే: అంచుకు వెళ్లినా వేగం పడిపోలేదు. 1933లోనే ఖగోళ శాస్త్రవేత్త జ్విక్కీ కోమా అనే గెలాక్సీల గుంపులోని గెలాక్సీల పరుగు చూసి కనపడని పదార్థం ఉందన్నాడు. చాలామంది పట్టించుకోలేదు.

ఈ కొలతలో లోపలి సగం, అంటే మన కక్ష్యకు లోపలి భాగం, విజయనగరంలో ఏ కాలేజీ డాబా మీదైనా చేయొచ్చు. హైడ్రోజన్ వాయువు 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో అలలు వదులుతుంది. అల పొడవు 21.1 సెంటీమీటర్లు, శ్రావణ మాసపు మబ్బు దానికి అడ్డు కాదు. రేకుల పని చేసే కొట్టులో 15 సెంటీమీటర్ల అడ్డకొలత, 28 పొడవుతో ఒక వైపు మూసిన గొట్టం చేయించాలి. అడ్డకొలత 12.4 కన్నా తగ్గితే ఈ అల లోపల నడవనే నడవదు. 16.2 దాటితే రెండో తీరులో కూడా నడిచి కొలత చెడుతుంది. మూసిన అడుగు నుంచి 9.3 సెంటీమీటర్ల దగ్గర, రేకుకు తగలకుండా, 5 సెంటీమీటర్ల పైచిలుకు రాగి తీగ నిలబెట్టాలి. తెరిచిన వైపు అట్టకు అల్యూమినియం రేకు అంటించి చేసిన గరాటు, దాని నోరు 75 సెంటీమీటర్లు. 1420కి ఫిల్టరున్న యాంప్లిఫయర్ తీగను ఆనుకునే ఉండాలి. పొడవాటి కేబుల్ తర్వాత పెడితే సిగ్నల్ దారిలోనే చస్తుంది, ఫిల్టర్ లేకపోతే సెల్ టవర్ ముంచేస్తుంది. ఆ తర్వాత రేడియో అలల్ని కంప్యూటర్ చదవగల అంకెలుగా మార్చే ఎస్‌డీఆర్ డాంగిల్, లాప్‌టాప్.

ఆగస్టు మధ్యలో రాత్రి 9 గంటలకు గరాటును దక్షిణంగా, నేల నుంచి 69 డిగ్రీల ఎత్తుకు తిప్పండి. అది పాలపుంత కేంద్రం నుంచి 30 డిగ్రీల పక్కన ఉన్న దిక్కు. శ్రవణా నక్షత్రానికి నైరుతిగా సుమారు 20 డిగ్రీలు. సిగ్నల్ దిగువ అంచు 1419.9 దగ్గర తెగుతుంది, అంటే దూరం జరుగుతున్న వేగం సెకనుకు 110 కిలోమీటర్లు. ఈ దిక్కులో అందరికన్నా జోరుగా దూరం జరిగే వాయువు, మన చూపు కేంద్రానికి అతి దగ్గరగా వెళ్లే చోట, మన దూరంలో సగంలో ఉంటుంది. దీనికి మన వేగంలో ఆ దిక్కుకు వచ్చే వాటా, 230లో సగం, 115 కలిపితే 225. కేంద్రానికి సగం దూరంలోనూ వేగం ఇంచుమించు మనదే! బరువంతా నడిబొడ్డున ఉంటే అది 325 ఉండాలి. చవక డాంగిల్‌లో ఫ్రీక్వెన్సీకి కొలబద్దగా ఉండే స్ఫటికం పది లక్షలకు 50 వంతులు తప్పితే 15 కిలోమీటర్ల తేడా వస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగాన్ని సవరించకపోతే నెలనెలా జవాబు మారుతుంది. గరాటు చూపు 20 డిగ్రీల వెడల్పు కాబట్టి అంకె కాస్త ఎక్కువే చూపుతుంది. లోపల నక్షత్రాలూ పరుచుకునే ఉన్నాయి కనుక ఈ ఒక్క కొలతతో కృష్ణ పదార్థం రుజువు కాదు. రుజువు బయటి సగంలో ఉంది.

కృష్ణ పదార్థమంటే రాహుకేతువులేనా అని అడిగేవాళ్లూ ఉన్నారు. రాహుకేతువులు చంద్రుడి దారి, సూర్యుడి దారి ఖండించుకునే రెండు బిందువులు. వాటికి లేనిదే బరువు, దీనికి ఉన్నదే బరువు. అయితే మన చుట్టుపక్కల అది ఎంత పలచనంటే, భూమి పట్టేంత చోటులో అర కిలో నుంచి ముప్పావు కిలో. అందుకే గ్రహాల దారులు చెదరవు. గెలాక్సీ అంత చోటు తీసుకుంటే అదే మామూలు పదార్థాన్ని మించిపోతుంది.

కృష్ణ శక్తి దగ్గర వడిసెల పనికిరాదు. అది లాగదు, విశ్వం వ్యాపించే వేగాన్ని పెంచుతుంది. 1998లో రెండు బృందాలు దూరపు పేలే నక్షత్రాలు, అంటే సూపర్‌నోవాలు అనుకున్నదానికన్నా మసకగా, అంటే ఇంకా దూరంగా, ఉండటం చూసి దీన్ని పట్టుకున్నాయి. 2011లో నోబెల్ వచ్చింది. భూమి పట్టేంత చోటులో ఇది 6 మిల్లీగ్రాములే. కృష్ణ పదార్థం గెలాక్సీల చుట్టూ గుమిగూడితే ఇది ఖాళీ చోట్లలోనూ ఒకే తీరుగా ఉంటుంది, విశ్వంలో ఖాళీయే ఎక్కువ. 68.5 శాతం వచ్చింది అక్కడి నుంచే. గెలాక్సీల దూరాలు కొలిచే, అమెరికాలోని అరిజోనాలో ఉన్న డెసీ పరికరం 2024, 2025ల్లో వెలువరించిన కొలతలు ఇది కాలంతో తగ్గుతోందేమోనన్న అనుమానం లేపాయి. తేల్చి చెప్పేంత బలం వాటికింకా లేదు. తేలితే ఆ 6 మిల్లీగ్రాములు ఏ కాలం నాటి అంకో కూడా పక్కన రాయాల్సి ఉంటుంది.