దొంగిలించిన మనీప్లాంటే ఎందుకు బతుకుతుంది?

"కొని తెచ్చిన మనీప్లాంట్ అచ్చిరాదు, ఎవరింట్లోనైనా చెప్పకుండా తుంచుకొస్తేనే పెరుగుతుంది అంటారు. ఇందులో సైన్సేమైనా ఉందా అండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు.

డబ్బు సంగతి వదిలేయండి. తుంచిన ముక్క బతకడం మాత్రం నిజమే. కాకపోతే ఆ గొప్ప దొంగతనానిది కాదు, కణుపుది.

తీగను చేతిలోకి తీసుకుని చూడండి. ఆకు కాడ తీగను పట్టుకున్న చోట కాస్త ఉబ్బుగా, చుట్టూ సన్నటి గీతతో ఉండేదే కణుపు. ఆ దగ్గర్లోనే గోధుమరంగు బుడిపె వేలికి తగులుతుంది. అది రాబోయే వేరు. ఆకు చంకలో ఒక మొగ్గ నిద్రపోతుంటుంది. అంటే ఒక్క కణుపు చేతికొస్తే వేరూ, కొమ్మా రెండూ వచ్చినట్టే. కణుపు లేకుండా ఒట్టి ఆకు తెచ్చి నీళ్లలో పెడితే నెలల తరబడి పచ్చగా ఉంటుంది, ఒక్కోసారి వేర్లూ వేస్తుంది, చిగురు మాత్రం వేయదు.

ఇక అసలు మజా ఆక్సిన్‌ది. చిగురులోనూ లేతాకుల్లోనూ తయారయ్యే ఈ హార్మోను గంటకు సుమారు సెంటీమీటరు చొప్పున తీగ మొదలు వైపుకే నడుస్తుంది. గురుత్వాకర్షణ లాగడం వల్ల కాదు. తీగ కిందికి వేలాడుతుంటే ఇది పైకి ఎక్కుతుంది. ప్రతి కణంలోనూ మొదలు వైపు పొరలో పిన్ అనే ప్రొటీన్లు కూర్చుని దాన్ని పక్క కణానికి తోడిపోస్తుంటాయి. తీగ తుంచగానే ఆ దారి తెగి, ఆక్సిన్ కోత దగ్గర పోగుపడుతుంది. వేర్లకు అదే పిలుపు.

మరి దొంగతనం జరిగిన ఇంట్లో? చిగురు ఉన్నంతకాలం అదే ఆక్సిన్ కింది మొగ్గల్ని లేవనివ్వదు, ఉమ్మడి కుటుంబంలో పెద్దాయన ఉండగా మిగతావాళ్లు నోరెత్తనట్టు. చిగురు పోగానే కింది మొగ్గలు లేచి కొమ్మలేస్తాయి. పోగొట్టుకున్నవాళ్ల మొక్కే గుబురుగా తయారవుతుంది! చెప్పి అడిగినా కాదనేవాళ్లుండరు కదా.

పైగా, ఎండిపోయిన దొంగ మొక్కల గురించి ఎవరూ చెప్పుకోరు. కొన్న మొక్క చచ్చేది ఎక్కువగా మన ప్రేమవల్లే: కుండీలో రోజూ నీళ్లు పోస్తే మట్టిలో గాలి చొరబడక వేర్లు కుళ్లుతాయి. సీసాలోని వేర్లు నీళ్లలోనే పుట్టి, ఆ కొద్దిపాటి ఆక్సిజన్‌కు అలవాటుపడతాయి. వారానికోసారి నీళ్లు మారిస్తే చాలు.

ఆ మాటకొస్తే కొన్నదీ తుంచిన ముక్కే. పసిఫిక్‌లోని మోరియా దీవికి చెందిన ఈ తీగ దాదాపు ఎప్పుడూ పూయదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్‌ను తయారుచేసే ఒక జన్యువు ఇందులో సరిగా పనిచేయడం లేదని 2016లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఆ హార్మోను చల్లితే పూసింది కూడా. పువ్వు లేదు, విత్తనం లేదు. నర్సరీవాళ్లకూ కత్తెరే దిక్కు.

ఒక జాగ్రత్త. ఇది కంద, చామల కుటుంబమే. ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. నమిలితే నోరు మండి, వాస్తుంది. పాకే పిల్లలకూ పిల్లులకూ అందకుండా పెట్టండి.