ఎస్‌ఎస్‌ఐఎస్ ప్యాకేజీలు ఎక్కడ దాచాలి, ఎలా సర్దాలి: అపోహలు - వాస్తవాలు

ఎస్‌ఎస్‌ఐఎస్ అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో వచ్చే, డేటాను ఒకచోటు నుంచి మరోచోటికి చేర్చే సాధనం. అందులో అలాంటి ఒక్కో పనిని రాసి పెట్టిన ఫైలే ప్యాకేజీ. టీమ్‌లో కొత్తగా చేరేవాళ్లు డేటా ఫ్లో బాగానే రాస్తారు. లుకప్ గురించి, డిరైవ్డ్ కాలమ్ గురించి అడిగితే తడుముకోకుండా చెబుతారు. "ఈ ప్యాకేజీ ప్రొడక్షన్‌లో ఎక్కడుంది, దీని అసలు సోర్స్ ఎవరి దగ్గరుంది?" అంటే మాత్రం ఆగిపోతారు. అమీర్‌పేటలో ఎంఎస్‌బీఐ (మైక్రోసాఫ్ట్ బిజినెస్ ఇంటెలిజెన్స్) కోర్సు చేసినా, ఉద్యోగంలో చూసి నేర్చుకున్నా, ఈ విషయంలో చాలామందికి ఆధారం ఒకరి నుంచి ఒకరు విన్న మాటలే. రాత్రి డేటా లోడ్ ఫెయిలైనప్పుడు ఆ మాటల వల్లే గంటలు వృథా అవుతాయి. ఎక్కువగా వినపడేవి కొన్ని చూద్దాం.

అపోహ: ప్యాకేజీ ఎంఎస్‌డీబీలో (ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత సిస్టమ్ డేటాబేస్‌లో) ఉంటే చాలు, బ్యాకప్‌లో అదే వచ్చేస్తుంది.

ఎంఎస్‌డీబీని బ్యాకప్ తీస్తుంటేనే వస్తుంది. చాలాచోట్ల బ్యాకప్ జాబ్ యూజర్ డేటాబేస్‌లకే పెట్టి, సిస్టమ్ డేటాబేస్‌లను వదిలేస్తారు. మీ సర్వర్‌లో ఏం జరుగుతోందో డీబీఏని (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌ని) ఈరోజే అడగండి. ఇంకో సంగతి: ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 నాటి డీటీఎస్‌లో (ఎస్‌ఎస్‌ఐఎస్‌కు ముందున్న సాధనంలో) సేవ్ చేసిన ప్రతిసారీ ఎంఎస్‌డీబీలో కొత్త వెర్షన్ చేరేది, పాతది కూడా ఉండేది. 2005లో ఎస్‌ఎస్‌ఐఎస్ వచ్చాక ఆ పద్ధతి పోయింది. అదే పేరుతో మళ్లీ పెడితే పాతది చెరిగిపోతుంది. డీటీఎస్ కాలం నుంచి ఉన్న సీనియర్లు కొందరు ఇప్పటికీ "పాత వెర్షన్ అక్కడే ఉంటుందిలే" అంటుంటారు. ఉండదు.

అపోహ: ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ (ప్యాకేజీల కోసమే ఉన్న డేటాబేస్) వెర్షన్లు దాస్తుంది కాబట్టి గిట్ (సోర్స్ మార్పుల చరిత్రను దాచే సాధనం) అవసరం లేదు.

నాకు బాగా టెన్షన్ పెట్టే మాట ఇదే. 2012లో వచ్చిన కేటలాగ్, అంటే ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ, నిజంగానే మంచి ఏర్పాటు. ప్రాజెక్ట్, అంటే కొన్ని ప్యాకేజీల సమూహం, మొత్తం ఒక ఐఎస్‌ప్యాక్ ఫైల్‌గా వెళ్తుంది, పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లవచ్చు. కానీ డిఫాల్ట్‌గా ఒక్కో ప్రాజెక్ట్‌కు 10 వెర్షన్లే ఉంటాయి. ఒక వారం గట్టిగా డిప్లాయ్‌లు (ప్రాజెక్ట్‌ను సర్వర్‌కు పంపడాలు) జరిగితే అవి నిండిపోతాయి. పైగా ఎప్పుడు, ఎవరి లాగిన్‌తో డిప్లాయ్ అయిందో కనిపిస్తుంది తప్ప, ఏ మార్పు ఎందుకు చేశారో ఎక్కడా ఉండదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012, 2014 వెర్షన్లలో ఇంకా పెద్ద చిక్కు ఉంది. అక్కడ విడిగా ఒక ప్యాకేజీని పంపడం కుదరదు, ప్రాజెక్ట్ మొత్తం వెళ్లాల్సిందే. ఇద్దరు ఒకే ప్రాజెక్ట్ మీద పని చేస్తూ, ఒకరు తన ల్యాప్‌టాప్‌లోని పాత కాపీతో డిప్లాయ్ చేస్తే, రెండోవారు నిన్న సరిచేసిన ప్యాకేజీ పాత రూపానికి వెళ్లిపోతుంది. కొత్తగా చేర్చిన ప్యాకేజీ అయితే సర్వర్‌లో మాయమే. డిప్లాయ్ చేసేటప్పుడు ఎర్రర్ ఏమీ రాదు. నెలాఖరు రిపోర్ట్‌లో అంకెలు తేడా వచ్చినప్పుడు బయటపడుతుంది. 2016 వెర్షన్ నుంచి ఒక్క ప్యాకేజీని కూడా డిప్లాయ్ చేసే వీలొచ్చింది, అయినా మూలం ఒక్కచోటే ఉండాలన్న అవసరం తగ్గలేదు. డిప్లాయ్ ఎప్పుడూ గిట్ నుంచి బిల్డ్ చేసిన ఐఎస్‌ప్యాక్‌తోనే జరగాలి, ఎవరి ల్యాప్‌టాప్ నుంచీ కాదు. ఈ ఒక్క నియమం మీద నేను ఎవరితోనూ రాజీపడను.

డీటీఎస్‌ఎక్స్ ఫైల్, అంటే ప్యాకేజీ ఫైల్, ఎక్స్‌ఎంఎల్ (టెక్స్ట్ రూపం) కాబట్టి గిట్‌లో బాగానే ఉంటుంది. కానీ ఇద్దరి మార్పులను కలపడం మాత్రం నరకం. డిజైనర్‌లో బాక్సును పక్కకు జరిపినా ఫైల్ మారుతుంది. అందుకే ప్యాకేజీలు చిన్నవిగా ఉంచండి, ఒక సమయంలో ఒక ప్యాకేజీని ఒక్కరే ముట్టుకోండి.

అపోహ: ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ బ్యాకప్ ఉంటే కొత్త సర్వర్‌లో రీస్టోర్ చేస్తే సరిపోతుంది.

కేటలాగ్ సృష్టించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. అది డేటాబేస్ మాస్టర్ కీని కాపాడే పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ గానీ, కీ బ్యాకప్ గానీ లేకుండా వేరే సర్వర్‌లో రీస్టోర్ చేస్తే, లోపల ఎన్‌క్రిప్ట్ అయిన ప్రాజెక్టులు, కనెక్షన్ పాస్‌వర్డ్‌లు తెరుచుకోవు. కేటలాగ్ పెట్టిన రోజే ఆ పాస్‌వర్డ్‌ను టీమ్ పాస్‌వర్డ్ వాల్ట్‌లో చేర్చండి. రోజూ రాత్రి పాత లాగ్‌లు, వెర్షన్లు శుభ్రం చేసే మెయింటెనెన్స్ జాబ్ ఉండేది ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీలో కాదు, ఎంఎస్‌డీబీలో. రీస్టోర్‌తో అది రాదు. దాన్ని మళ్లీ పెట్టకపోతే డేటాబేస్ పెరుగుతూనే ఉంటుంది. అసలు లాగ్ దాచే గడువే డిఫాల్ట్‌గా 365 రోజులు. రోజుకు వందల ప్యాకేజీలు నడిచేచోట దాన్ని తగ్గించడం మంచిది.

అపోహ: నా మెషీన్‌లో నడిచింది కాబట్టి జాబ్‌లోనూ నడుస్తుంది.

ప్యాకేజీలోని రహస్య వివరాలను ఎలా దాచాలో చెప్పే ప్రొటెక్షన్ లెవెల్ డిఫాల్ట్‌గా ఎన్‌క్రిప్ట్ సెన్సిటివ్ విత్ యూజర్ కీ. అంటే పాస్‌వర్డ్ మీ విండోస్ లాగిన్‌కు కట్టుబడి ఉంటుంది. ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి ఏజెంట్ జాబ్‌తో (సర్వర్ నిర్ణీత సమయానికి తానే నడిపే పనితో) నడిపితే, సర్వీస్ అకౌంట్‌కు ఆ పాస్‌వర్డ్ కనిపించదు, లాగిన్ ఫెయిల్డ్ అని వస్తుంది. మీరు సెలవు పెట్టిన రోజు మరొకరు ఆ ప్యాకేజీ తెరిచినా ఇదే ఇబ్బంది. డోంట్ సేవ్ సెన్సిటివ్ పెట్టి, పాస్‌వర్డ్‌ను సెన్సిటివ్ పారామీటర్‌గా చేసి, విలువను కేటలాగ్‌లోని ఎన్విరాన్‌మెంట్‌లో (అలాంటి విలువల జాబితాలో) ఇవ్వండి. ప్రాజెక్ట్‌కూ, అందులోని ప్రతి ప్యాకేజీకీ లెవెల్ ఒకటే ఉండాలి, లేకపోతే బిల్డే కాదు.

అపోహ: ఫైల్ సిస్టమ్‌లో పెట్టడం పాతకాలపు పద్ధతి.

కాదు. ఫోల్డర్ మీద ఎవరికి హక్కులున్నాయో చూసుకుని, బ్యాకప్ తీస్తుంటే చక్కగా పనిచేస్తుంది.

అపోహ: ఫోల్డర్లు ఎలా పెట్టినా ఒకటే, వెతుక్కోవచ్చు.

డెవలపర్ పేరుతో ఫోల్డర్లు పెట్టిన సర్వర్లు చూశాను. ఆ మనిషి కంపెనీ మారాక ఆ పేరుకు అర్థం ఉండదు. కేటలాగ్‌లో ఫోల్డర్ లోపల ఫోల్డర్ కుదరదు, ఒక్క అంచె మాత్రమే. కాబట్టి ఫోల్డర్‌కు వ్యాపార విభాగం పేరు పెట్టండి: అమ్మకాలు, జీతాలు, స్టాక్. ప్రాజెక్ట్ హద్దు ఎక్కడ గీయాలంటే, కలిసి నడిచేవి, కలిసి డిప్లాయ్ కావాల్సినవి ఒకచోట ఉండాలి. ఒక ప్యాకేజీ నుంచి మరో ప్యాకేజీని నడిపే ఎగ్జిక్యూట్ ప్యాకేజ్ టాస్క్‌లో ప్రాజెక్ట్ రిఫరెన్స్ వాడితే పిల్ల ప్యాకేజీ అదే ప్రాజెక్ట్‌లో ఉండాలి, కాబట్టి మాస్టర్‌నూ దాని పిల్లలనూ విడదీయకండి. డెవ్, టెస్ట్, ప్రొడక్షన్ సర్వర్లలో ఫోల్డర్, ఎన్విరాన్‌మెంట్ పేర్లు ఒకేలా ఉంచి విలువలు మాత్రం మార్చండి. అప్పుడు జాబ్ స్క్రిప్ట్ మూడుచోట్లా ఒకటే పనిచేస్తుంది.

అపోహ: పాత ప్యాకేజీని కాపీ చేసి పేరు మారిస్తే కొత్తది రెడీ.

పేరు మారుతుంది, లోపలి ఐడీ పాతదే ఉండిపోవచ్చు. అప్పుడు ఐడీ ఆధారంగా లాగ్ చూసేవాళ్లకు రెండు ప్యాకేజీలు ఒకటిగా కనిపిస్తాయి. ప్రాపర్టీస్‌లో ఐడీ పక్కనున్న డ్రాప్‌డౌన్‌లో జనరేట్ న్యూ ఐడీ ఎంచుకుని, ఆ తర్వాతే గిట్‌లోకి చేర్చండి.