కథ హోమ్స్‌ది, చెప్పేది వాట్సన్

చిరంజీవులు అమ్ములుకు, చిన్నాకు ఆశీస్సులు.

మీరు చదువుతున్న ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ నవలలో తెలివంతా డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్‌దైతే, కథ మాత్రం అతని మిత్రుడు డాక్టర్ వాట్సన్ ఎందుకు చెబుతున్నాడని అమ్ములు అడిగింది. మంచి ప్రశ్న కనుక తీరిగ్గా రాస్తున్నాను.

నా చిన్నతనంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవానికి వెళ్ళేవాళ్ళం. అంత జనంలో నాకు పెద్దవాళ్ళ పంచెలు తప్ప ఏమీ కనబడేవి కావు. మా నాన్నగారు భుజాల మీదికి ఎత్తుకున్నాకే రథం కనబడేది. ఆయన ఎటు తిరిగితే నా చూపూ అటే తిరిగేది. రథం ఉన్నట్టుండి ఆగితే, ఎందుకు ఆగిందో తెలియక ఇద్దరమూ మెడలు చాచి చూసేవాళ్ళం. రథం మీద ఉన్న అర్చకులకు కారణం తెలిసే ఉంటుంది, కానీ నన్ను వారి పక్కన కూర్చోబెట్టి ఉంటే ఆ రథం ఎంత ఎత్తో, అది కదిలితే జనం ఎలా పులకరిస్తారో నాకు తెలిసేది కాదు. పాఠకులకు వాట్సన్ అటువంటి భుజం. హోమ్స్ మనసులో కూర్చుంటే హంతకుడెవరో మనకు ముందే తెలిసిపోతుంది, ఆశ్చర్యానికి చోటుండదు.

ఆర్థర్ కోనన్ డాయల్ 1901-02లో ‘స్ట్రాండ్’ పత్రికలో ధారావాహికగా రాసిన ఈ నవల మొదటి అధ్యాయాన్నే చూడండి. ఎవరో మరచిపోయిన చేతికర్రను పరీక్షించి, దాని మీది అక్షరాలు ఒక వేట సంఘానివని వాట్సన్ ఊహిస్తాడు. అవి చేరింగ్ క్రాస్ ఆసుపత్రివని హోమ్స్ సరిదిద్దుతాడు. వాట్సన్ పొరపాట్లే తనకు దారి చూపాయని కూడా హోమ్స్ అంటాడు. ఆ మాటను, తన పొరపాటుతో సహా, దాచకుండా మనకు రాసిపెట్టినవాడు వాట్సనే. అందుకే అతని మాట నమ్ముతాము. మీరూ ఏ సంగతి చెప్పినా, కళ్ళారా చూసినది వేరుగా, ఊహించినది వేరుగా చెప్పడం అలవాటు చేసుకోండి.

తరువాత హోమ్స్ తాను లండన్‌లో ఉండిపోతున్నానని చెప్పి, వాట్సన్‌ను డార్ట్‌మూర్ బీడుభూములకు పంపుతాడు. సిద్ధాంతాలు వద్దు, చూసినవి చూసినట్టు రాయమంటాడు. ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు వాట్సన్ పంపిన ఆ నివేదికలే. పదోది అతని దినచర్యలోని పుటలు. నాకు ఈ నవలలో అన్నిటికన్నా ఇష్టమైన భాగమిదే, ఎందుకంటే వివరించి చెప్పేవాడు పక్కన లేనప్పుడు వాట్సన్ భయమూ అనుమానమూ నేరుగా మనవవుతాయి. ఒక రాత్రి రాతిగుట్ట మీద, చంద్రుడికి అడ్డంగా, సన్నగా పొడుగ్గా ఒక మనిషి అతనికి కనబడి, పక్కవారికి చూపేలోగా మాయమవుతాడు.

హోమ్స్ కథలు మొత్తం 60 ఉంటే, వాటిలో 56 వాట్సన్ చెప్పినవే. మిగిలిన నాలుగింటిలో 1926లో వచ్చిన రెండు కథలను హోమ్స్ స్వయంగా చెబుతాడు, వాటిలో వాట్సన్ చెప్పని వెలితి నాకు స్పష్టంగా తెలుస్తుంది.

గుట్ట మీది మనిషి ఎవరో నేను చెప్పను. పదకొండో అధ్యాయం తెరిచే ముందు, వాట్సన్ చూసినవాటినే ఒక కాగితం మీద రాసుకుని, అతనెవరై ఉంటాడో మీరిద్దరూ విడివిడిగా ఊహించి నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య